డార్విన్ పట్టికలో ఏడుగురు

డార్విన్ వెళ్ళొచ్చానని చెబితే మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా ఇంటామె దగ్గర్నుంచి స్టేషన్లో కలిసే అమ్మాయిల దాకా అందరూ మొసళ్ళ గురించే అడిగారు. మొసలిని నేను చూడలేదు. సముద్రపు ఒడ్డున పాతిన పసుపు బోర్డు మీద దాని బొమ్మ మాత్రం చూశాను. నాలుగు రోజులున్నాను. అందులో మూడు రోజులు మొసళ్ళ సంగతే గుర్తు రాలేదు. దానికి కారణం నా సంచీలో మడతపెట్టి ఉన్న ఒక కాగితం.

నేను మెల్‌బోర్న్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థలో పనిచేస్తాను. శరణు కోరి ఈ దేశానికి వచ్చినవాళ్ళకు పని దొరుకుతోందా లేదా అని ఫోన్లు చేసి అడగడం, జవాబుల్ని పట్టికలుగా కట్టడం మా పని. ఆ పట్టికలు చూసి ఏ శిక్షణను కొనసాగించాలో, దేన్ని ఆపాలో పై ఆఫీసులు నిర్ణయిస్తాయి. డార్విన్‌లో అలాంటి ఆడవాళ్ళకు వంటపని నేర్పే వంటగది ఒకటుంది. అక్కడి తొమ్మిదిమందికీ ఏప్రిల్లో ఫోన్ చేసింది నేనే. అక్టోబరులో నివేదిక చివరి దశకు వచ్చింది. ఫోటోలు తీసుకుని పేర్లు సరిచూసి రమ్మని మా మేనేజర్ జూడీ నన్ను పంపింది.

విమానంలో

మెల్‌బోర్న్ నుంచి నాలుగున్నర గంటలు. దేశం మధ్యలో కింద ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించదు. మన దేశంలో ఇంత దూరం ఎగిరితే ఎన్ని భాషలు దాటి ఉండేవాళ్ళమో అనుకున్నాను. కింద కూడా భాషలున్నాయి, అవి నాకు తెలియవు, అంతే అని కాసేపటికి తోచింది.

లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావుపాటి చరిత్ర పుస్తకం తెరిచాను. నాకొక అలవాటుంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వాక్యాలు ముందు చదువుతాను. రచయిత పైన చెప్పడానికి మొహమాటపడిన సంగతులు అక్కడ దొరుకుతాయి. ఆ రోజు అవి కూడా బుర్రకెక్కలేదు. పుస్తకం మూసి డైరీ తీశాను. వెళ్ళేముందు ఆ తొమ్మిదిమంది గురించి ఏప్రిల్లో రాసుకున్నవి ఒకసారి చూసుకుందామనుకున్నాను.

నా చేతిరాతలోనే ఇలా ఉంది: "సెల్వి అక్క. వారానికి నాలుగు రోజులు వంటగదిలో పని. గొంతు మా పెద్దమ్మ గొంతులా ఉంది. జీతం సంగతి అడగలేదు. పెద్దామెని ఎలా అడుగుతాను."

మాది తమిళనాడు సరిహద్దులోని సత్యవేడు. పక్కింటి వాళ్ళది తమిళం, మాది తెలుగు. అందుకే తమిళం మాట్లాడేవాళ్ళ ఫోన్లు ఆఫీసులో నాకే ఇస్తారు. మా ఫారంలో ఒకదాని కింద ఒకటి రెండు ప్రశ్నలుంటాయి. పోయిన వారం పని చేశారా? ఆ పనికి జీతం ఇచ్చారా? ఇక్కడి లెక్కల పద్ధతిలో వారానికి ఒక్క గంట జీతానికి పని చేసినా మనిషి "పనిలో ఉన్నట్టే". అందుకే రెండో ప్రశ్న ముఖ్యం. నేను మొదటిది అడిగాను. రెండోది అడగకుండా అవునని గుర్తు పెట్టేశాను. సెల్వి అక్క ఒక్కామె విషయంలోనే కాదు, పని చేశామన్న అందరి విషయంలోనూ.

మా ఊరి బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఎవరైనా రెండో మాటగా జీతమెంతని అడుగుతారు. ఇంటర్ ఫలితాలు ఎంత గట్టిగా అడుగుతారో ఇదీ అంతే. ఆ ప్రశ్న వినబడ్డప్పుడల్లా చిన్నప్పటి నుంచీ నా చెవులు వేడెక్కుతాయి. నేను మాత్రం ఎవరినీ ఇది అడగకూడదని ఎప్పుడో నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం నా ఉద్యోగంలోకి కూడా వచ్చి కూర్చుందని ముప్ఫైవేల అడుగుల ఎత్తున తెలిసింది.

పట్టిక తీసి చూశాను. పనిలో ఉన్నవారు: ఏడుగురు. లేనివారు: ఇద్దరు. పైన జూడీ పెన్సిల్‌తో రాసింది: "బాగుంది. ఇక వీళ్ళకు క్లాసు అక్కర్లేదనే అంటారు." శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి పట్టిక పై ఆఫీసుకు వెళ్ళిపోతుంది. వంటగది ఉండేదీ మూసేదీ దాన్నిబట్టే తేలుతుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి. నేనీ దేశంలో ఉండడానికిచ్చిన వీసా మా ఆఫీసు సంతకం మీద నిలబడి ఉంది. వచ్చే మార్చిలో మళ్ళీ సంతకం పెట్టాలి. తప్పు నాదని చెప్పుకుంటే ఆ సంతకం ఏమవుతుందో నాకు తెలియదు. డార్విన్‌లో దిగేదాకా సీటు బెల్టు విప్పకుండా కూర్చున్నాను.

లలిత ఆంటీ ఇల్లు

ఎయిర్‌పోర్ట్ తలుపు తెరుచుకోగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. మా ఇంటామె స్నేహితులు ప్రసాద్ అంకుల్, లలిత ఆంటీ నన్ను తమ ఇంట్లో ఉండమన్నారు. ఇద్దరిదీ తెనాలి దగ్గర. ఆయన ఇంజినీరు, ఆవిడ నర్సు. పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నారు.

"ఇది బిల్డప్ సీజన్ అమ్మా," అన్నారు అంకుల్ కారు నడుపుతూ. "వాన రాదు, వస్తా వస్తా అని బెదిరిస్తది. ఈ టైములో జనాలకి తిక్క రేగుద్ది. ఇక్కడోళ్ళు దానికి మ్యాంగో మ్యాడ్‌నెస్ అని పేరు కూడా పెట్టారు."

ఆకాశం నిజంగానే నల్లగా ఉంది. ఎక్కడో మెరుస్తోంది, చుక్క పడటం లేదు. ఒకచోట రోడ్డుకు దూరంగా పొడుగాటి కంచె కనబడింది. అంకుల్ చేత్తో చూపించి, "మేమొచ్చిన కొత్తలో బోట్లలో వచ్చినోళ్ళని ఆ పక్కకి బస్సుల్లో తీస్కెళ్ళేవాళ్ళు. అన్ని కర్టెన్లూ వేసేసి," అన్నారు. తర్వాత ఏసీ ఇంకాస్త పెంచారు.

భోజనాల దగ్గర ఆంటీ పప్పు వడ్డిస్తూ మొదలుపెట్టింది. "ఏంటమ్మా, మీ ఆఫీసులో యాన్యువల్‌గా ఎంతిస్తారు? సూపర్ కలిపా, కలపకుండానా?"

సూపర్ అంటే ఇక్కడ జీతంతో పాటు జమచేసే పింఛను సొమ్ము. అంత వివరంగా నన్నెవరూ అడగలేదు. చెవులు వేడెక్కాయి.

వాళ్ళమ్మాయి సంజన పదకొండో క్లాసు. తల ఎత్తకుండానే, "మా, యూ కాంట్ జస్ట్ ఆస్క్ పీపుల్ దట్," అంది.

"ఎందుకు, అడిగితే అరిగిపోతారా? నేను ముందు చేసిన చోట నాకు తక్కువ గ్రేడ్ వేసి కూర్చోబెట్టారు. రెండేళ్ళు. పక్క నర్సుని అడిగాను కాబట్టే తెలిసింది. మీ ఇంగ్లీషు మ్యానర్స్ పట్టుకుని కూర్చుంటే ఇప్పటికీ అక్కడే ఉండేదాన్ని."

"ఓకే, ఓకే. స్టిల్ రూడ్."

"రూడే. పప్పులోకి నెయ్యి వేస్కో."

నేను నా జీతం చెప్పలేదు. నెయ్యి వేసుకున్నాను. ఆ రోజు డైరీలో ఆంటీ మాటలు పొల్లుపోకుండా రాసి, కింద గీత గీశాను.

వంటగది

మర్నాడు వంటగదికి వెళ్ళాను. ఊరికి ఉత్తరాన, బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే, రేకుల కప్పున్న పెద్ద హాలు. దాన్ని నడిపే హెలెన్ తాతలు గ్రీసు దీవుల నుంచి ముత్యపు చిప్పల పనికి వచ్చినవాళ్ళట. హెలెన్‌కు అరవై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే, "ఎండదెబ్బ తగిలేలా ఉన్నావు, లవ్. ముందు నీళ్ళు తాగు, పని తర్వాత," అంది. ఇక్కడ బస్సు డ్రైవరు కూడా లవ్ అనే పిలుస్తాడు. నాకు ఇంకా అలవాటు కాలేదు.

సెల్వి అక్కను గొంతుబట్టి గుర్తుపట్టాను. యాభై దాటిన మనిషి. శ్రీలంకలో జాఫ్నా వైపు ఊరు. ఆమె కూడా నన్ను గొంతుతోనే పోల్చుకుంది.

"ఫోన్‌లో గుసగుసలాడిన పిల్లవి నువ్వేనా? మనిషివి కూడా గొంతంతే ఉన్నావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నాతో తమిళంలో మాట్లాడుతుంది, నేను సగం తెలుగు కలిపి జవాబిస్తాను. ఎక్కడా ఆగలేదు. చెల్లెల్ని పిలిచినట్టు తంగచ్చీ అని పిలిచింది.

ఆ మధ్యాహ్నం బియ్యప్పిండితో వత్తిన ఇడియాప్పం, సంబల్ అనే కొబ్బరి పచ్చడి, బారముండి చేప పులుసు పెట్టారు. పులుసులో చింతపండు మా ఇంట్లో వేసేదానికంటే తక్కువ, మిరియాలు ఎక్కువ. గురువారాల్లో చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళు వచ్చి ప్లేటు పదిహేను డాలర్లకు కొనుక్కుంటారు. ఆ డబ్బు సామాన్లకే సరిపోతుందని హెలెన్ చెప్పింది. అంటే జీతాలు లేవన్నమాటే. అయినా నేను నోరు విప్పి అడగలేదు. చల్లటి గదిలోంచి బయటికొచ్చేసరికి కెమెరా అద్దమంతా ఆవిరి పట్టి, తీసిన ఫోటోలన్నీ పాలలో ముంచినట్టు వచ్చాయి. మళ్ళీ తీశాను. నాలుగుసార్లు సెల్వి అక్కతో "ఒక్క ప్రశ్న" అన్నాను. ఒకసారి బస్సెంత దూరమని అడిగాను. ఒకసారి కరివేపాకు ఎక్కడ దొరుకుతుందన్నాను. మిగతా రెండుసార్లు, ఏం లేదులే అన్నాను.

సాయంత్రం బస్సులో కాగితం సంచీలో ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకున్నాను.

మామిడికాయలు

అక్టోబరు డార్విన్‌లో మామిడి కాలం. మా చిత్తూరు వైపు మేలో లారీలకెత్తే కాయలు ఇక్కడ దీపావళికి వస్తాయి. వీధుల్లో చెట్లకింద రాలిపోయి పడున్నా ఎవరూ ఏరుకోరు. గురువారం పొద్దున వంటగదిలో రెండు పెట్టెల పచ్చికాయలు కోస్తున్నారు. నాకూ కత్తి ఇచ్చారు. టెంకతో సహా కొట్టడం నాకు వచ్చు. మా అమ్మమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేది.

సెల్వి అక్క నా చేతివేగం కాసేపు గమనించింది. తర్వాత అడిగింది, "నీ జీతమెంత, తంగచ్చీ?"

చెవులు వేడెక్కాయి. భోజనాల దగ్గర ఆంటీ చెప్పింది గుర్తొచ్చింది. అంకె చెప్పేశాను. సూపర్ కలపకుండా.

"పరవాలేదు. ఒంటరి పిల్లవి, సరిపోతుంది," అంది ఆమె. "మరి నన్నడగవా? ఫోన్‌లో నిద్ర పడుతుందా అన్నావు, నిన్న బస్సెంత దూరమన్నావు. జీతం మాత్రం అడగలేదు. లేదని నీకు ముందే తెలుసేమో అనుకున్నా."

కత్తి కింద పెట్టాను. "తెలియదక్కా. ఉందని రాశాను."

కాగితం తీసి బల్ల మీద, మామిడి తడి తగలకుండా, పరిచాను. ఏడు అన్న అంకె దేనివల్ల వచ్చిందో, శుక్రవారం అది ఎక్కడికి పోతుందో, పోతే ఏమవుతుందో చెప్పాను. తమిళంలో ఒకసారి, మిగతావాళ్ళ కోసం ఇంగ్లీషులో ఒకసారి. హెలెన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదుగా చదివింది.

"ఏడుగురికి ఉద్యోగాలా? నాకెవరూ చెప్పలేదే, లవ్."

ఎవరూ నవ్వలేదు. నేను ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, అన్ని నెలలు మింగిన ప్రశ్న తొమ్మిదిసార్లు అడిగాను. ఏప్రిల్లో ఆ వారం ఈ పనికి జీతం ఇచ్చారా? వేరే ఏదైనా పనికి ఇచ్చారా? ఒకామె శని, ఆదివారాల్లో మోటెల్ గదులు శుభ్రం చేసేదట. ఇంకొకామె ఒక ముసలావిడ ఇల్లు వారానికి ఒక గంట తుడిచేదట. ఆ గంటా లెక్కే. మిగతా ఏడుగురికీ ఏమీ లేదు. ఏడు తప్పు, రెండు ఒప్పు.

"రెండని రాసినా చిక్కే," అంది హెలెన్. "ఎక్కువొస్తే క్లాసు అక్కర్లేదంటారు. తక్కువొస్తే క్లాసు దండగంటారు."

నాకు అంతకంటే చిన్న భయం ఒకటి పట్టుకుంది. పనిలో ఉన్నవారు ఐదుగురికంటే తక్కువైతే ఆ అంకెను మేం అచ్చువెయ్యం. మనుషుల్ని పోల్చుకోకుండా ఉండాలని దాని బదులు ఒక చిన్న గీత పెడతాం. తీసివేత చేసి కనిపెట్టకుండా పక్క గడిలోనూ గీతే. నిజం రాస్తే పట్టికలో వీళ్ళ వరుసంతా గీతలే మిగులుతాయి. గీతల్ని చూసి ఎవరు ఏం నిర్ణయిస్తారు?

సెల్వి అక్క మళ్ళీ కత్తి అందుకుంది. "లోపల ఉన్నప్పుడు రోజూ మమ్మల్ని లెక్కపెట్టేవాళ్ళు," అంది ముక్కలు కొడుతూనే. లోపలంటే డిటెన్షన్ సెంటర్, బోట్లలో వచ్చినవాళ్ళని ఉంచే నిర్బంధ శిబిరం. "పేరుతో పిలిచేవాళ్ళు కాదు, బోటు నంబరుతో. నాది నాకింకా నోటికొచ్చు. ఆ లెక్క ఒక్కరోజు కూడా తప్పు రాలేదు. బయటికొచ్చాక లెక్కపెట్టింది నువ్వే."

"తప్పు పెట్టాను."

"ఊఁ. ముక్కలు మాత్రం బాగా కొడతావు."

తర్వాత, పని ఎందుకు దొరకలేదో నేను అడగకుండానే చెప్పింది. ఆమెది బ్రిడ్జింగ్ వీసా, అసలు వీసా తేలేదాకా చేతిలో పెట్టే తాత్కాలిక కాగితం. పని చేసుకునే హక్కు అందులో ఉంది. గడువు తేదీ కూడా ఉంది. రెండు హోటళ్ళలో ఆమె వంట రుచి చూసి తీసుకుంటామన్నారు. కాగితం మీద తేదీ చూసి, కొత్తది వచ్చాక రమ్మన్నారు. కొత్తది వచ్చేసరికి ఆ స్థానంలో వేరేవాళ్ళున్నారు. ఇంకో ముగ్గురు తలలూపారు. వాళ్ళ కథా అదే.

నాకు మార్చి నెల గుర్తొచ్చింది. వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళ తేదీల పక్కన నాది చెప్పుకోవడానికి నోరు రాలేదు.

పదిన్నర

శుక్రవారం పదకొండింటికి జూడీకి ఫోన్ చెయ్యాలని నిశ్చయించుకుని, ఏం చెప్పాలో డైరీలో రాసుకుని, తొమ్మిదికే వంటగదికి చేరాను. తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. జూడీ మెసేజ్: "ఫోటోలేవి? ఇంకో గంటలో పంపించేస్తున్నా."

గోడగడియారం చూశాను. తొమ్మిదిన్నరే. అప్పుడు అర్థమైంది. మెల్‌బోర్న్‌లో ఆ నెలలోనే గడియారాలు గంట ముందుకు జరిపారు. డార్విన్‌లో అసలు జరపరు. రెండు ఊళ్ళకూ గంటన్నర తేడా. నా ఫోన్ దిగీదిగగానే తనంతట తాను డార్విన్‌కు మారింది, నేను మారలేదు. అక్కడి పన్నెండు ఇక్కడ పదిన్నర. పదకొండింటికి చేసి ఉంటే పట్టికలోని ఏడుగురూ పై ఆఫీసుకు వెళ్ళిపోయి ఉండేవాళ్ళు.

రాసుకున్న పేజీ దొరకలేదు. దొరక్కుండానే చేశాను.

"జూడీ, డార్విన్ పట్టిక తప్పు. ఏడు కాదు, రెండు. జీతం ఇచ్చారా అన్న ప్రశ్న నేను అడగలేదు."

"అడగలేదా? మరి జవాబులున్నాయి కదా."

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

సెల్వి అక్క గిన్నెలు సర్దడం ఆపింది.

"అడగడానికి సిగ్గేసింది," అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట ఇంకా చిన్నగా వినబడింది.

అవతల కీబోర్డు చప్పుడైంది. తర్వాత జూడీ అడిగింది, "ఇప్పుడు అడిగావా? అందరినీ?"

"తొమ్మిదిమందినీ. నిన్న."

"రెండంటే గీత వస్తుంది, తెలుసుగా."

"తెలుసు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రాయొచ్చా?"

"రెండు వరుసలు. ఇరవై నిమిషాలిస్తా. మిగతా సంగతి నువ్వొచ్చాక మాట్లాడదాం."

ఆ చివరి మాట గుచ్చుకుంది. కానీ ఇరవై నిమిషాలున్నాయి. మామిడి పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాను. రాశాను, కొట్టేశాను, రాశాను. పైకి చదివి వినిపించాను. సెల్వి అక్క విని, "తేదీ సంగతి పెట్టలేదే. అది లేకపోతే మేం బద్ధకస్తులమనుకుంటారు," అంది. పెట్టాను. హెలెన్ ఒక విశేషణం తీసేయమంది. తీసేశాను. పదింటికల్లా పంపాను.

మధ్యాహ్నం వాన పడింది. ఈ సీజన్లో మొదటిదట. ఊరంతా బయటికొచ్చి నిలబడింది. నేను హాలు మెట్ల మీద కూర్చుని, సెల్వి అక్క పెట్టిన మామిడి ముక్క ఉప్పూకారంతో తిన్నాను.

టార్నీట్‌లో

నివేదిక అచ్చయింది. డార్విన్ వరుసలో రెండు గీతలున్నాయి. కింద ఇలా ఉంది: "పనిలో ఉన్నామని చెప్పినవారిలో ఎక్కువమందిది శిక్షణలో భాగమైన పని, దానికి జీతం లేదు. వీరిలో కొందరిని తీసుకుంటామన్న యజమానులు వీసా గడువు తేదీ చూసి వెనక్కి తగ్గారు."

పై ఆఫీసులో ఎవరో అది చదివారు. వంటగదిని మూయాలా వద్దా అన్నది వెంటనే తేల్చకుండా, వానాకాలం అయ్యాక మళ్ళీ లెక్క తీయమన్నారు. ఏప్రిల్ దాకా వంటగది ఉంటుంది. తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. నా మార్చి సంతకం గురించి జూడీ ఇంకా ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. అడగాలి. డైరీలో రాసిపెట్టుకున్నాను. ఫారంలో మాత్రం ఆమె జీతం ప్రశ్నను మొదటికి మార్చింది. ఆ మార్పు చూపిస్తూ నా వైపు చూడలేదు. అది కోపమో దయో నాకు తెలియలేదు.

పోయిన సోమవారం కొత్త ఫారం సరిచూడమని ఇస్తే సెల్వి అక్కకు ఫోన్ చేశాను. పలకరింపులు కూడా లేకుండా అడిగాను.

"అక్కా, పోయిన వారం చేసిన పనికి జీతం ఇచ్చారా?"

"ఇంకా లేదు," అంది. "రాశావా?"

"రాశాను."

"ఏం రాశావో చదువు."

చదివాను.

"ఇంకొంచెం గట్టిగా," అంది.